కాటన్ దొర సుదీర్ఘ జీవితము

ఆదివారము ఉదయమున ఆబిడ్సు వీధికి వచ్చు చదువరులకు ఆ దృశ్యము పరిచితమే. వారమంతయు జనులతో క్రిక్కిరిసియుండు అంగళ్లు ఆనాడు మూతపడియుండును. మూసిన తలుపుల ముందఱ, నడకబాటమీద, పాతపుస్తకముల కుప్పలు వెలయును. ఆఱవ నిజాముకొలువులో నుండిన ఆల్బర్టు ఆబిద్ అను నాతని అంగడివలన ఈ ప్రాంతమునకు పేరు కలిగినది. అంగడి పోయినది, పేరు నిలిచినది. ఆ పేరు వెనుక ఒక మనుష్యుడుండెనని తలచువారు అరుదు. అచ్చటికి సమీపముననే సెయింట్ జార్జి దేవాలయము గలదు. కుప్పలలోని పుస్తకముల అట్టలు తిరుగవేయుచున్న మాకు, ఒకనాడు, ఒక కుమార్తె వ్రాసిన తండ్రిచరిత్ర చేతికి దొరకినది. తండ్రి జనరల్ సర్ ఆర్థర్ కాటన్. కుమార్తె లేడీ హోప్. ఆ గ్రంథము మొదట 1900 సంవత్సరమున, ఆయన మరణించిన మఱుసటియేడు, లండనునగరమున వెలువడినది.

ఆ పుస్తకము మే మింటికి తెచ్చుటకు ఒక కారణము కలదు. అంతకు కొలది దినములకు ముందు మా యింటి బాలునితోగూడ హుస్సేనుసాగరముగట్టుపై నడచుచుంటిమి. 1986 ప్రాంతమున అచ్చట నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహములలో కాటన్ దొర విగ్రహమును చూచి వాడు, "తాతా, ఈయన మనలను ఏలిన కంపెనీవారి సిపాయి గదా! కవుల నడుమ ఈయనకు విగ్రహమెందుకు?" అని యడిగెను. వెంటనున్న వాని నాయనమ్మ, గోదావరిజిల్లా ఆడుబిడ్డ, "తప్పు నాయనా! ఆయన మాకు అన్నము పెట్టిన మహానుభావుడు" అని మందలించెను. ఇరువురు చెప్పినదియు నిజమే. రెండు నిజములు ఒకదాని నొకటి కొట్టివేయనప్పుడు చరిత్ర చదువక తప్పదు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన జన్మించి, 1899 జూలై 24వ తేదీన మరణించెను. అనగా తొంబదియాఱేండ్లు పూర్తిగా జీవించెను. హెన్రీ కాల్వెలీ కాటన్ అను నాతనికి ఆయన పదవ కుమారుడు. అంతమంది సోదరులలో పిత్రార్జితముపై ఆశపెట్టుకొనుటకు వీలులేదు. నాటి ఆంగ్లదేశమున అట్టి కుటుంబముల పిల్లలకు సైన్యమో, మతాధికారమో, సముద్రమో శరణ్యము. ఆయన సోదరులలో సిడ్నీ కాటన్ సైన్యమున జనరల్ అయ్యెను. ఫ్రెడరిక్ కాటన్ ఇంజనీరై మన దక్షిణదేశమునకే వచ్చెను. ఆర్థర్ పదునైదవయేట, 1818లో, ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, 1821లో మద్రాసు ఇంజనీరుల దళమునకు అధికారిగా వచ్చెను.

ఆయన మొదట చూచినది నది కాదు, యుద్ధము. 1824 మొదలు 1826 వఱకు జరిగిన ప్రథమ బర్మాయుద్ధమున ఆయన పనిచేసెను. ఆ యుద్ధమున తుపాకికంటె జ్వరమునకు బలియైనవారే మెండు. ఆ సేన మన దేశపు పన్నులతో పోషింపబడినది. ఆ యుద్ధము పరదేశమును ఆక్రమించుకొనుటకు చేసినది. ఈ సంగతిని మఱుగుపఱచి కాటన్ దొరను కేవలము ఒక కాలువల ఋషిగా వర్ణించుట మా కిష్టము లేదు. ఆయన దండులో పెరిగినవాడు. శిబిరము కట్టుట, పదివేలమందికి తిండి సమకూర్చుట, వరదకు ముందుగా పని ముగించుట, ఇవన్నియు సైనికుని విద్యలే. ఆ విద్యలు ఆయనకు గోదావరియొడ్డున అక్కఱకు వచ్చినవి. కత్తి పట్టుట నేర్చినచేయి పాఱ పట్టించుట నేర్చుకొనుటయే ఆయన జీవితమందలి మలుపు.

ఆ మలుపు తంజావూరిలో సంభవించెను. కావేరినదిపై చోళులకాలపు కల్లణై ఆనకట్టను ఆయన దీర్ఘకాలము పరీక్షించెను. ఇసుకపఱ్ఱపై, అడుగున గట్టినేల లేనిచోట, రాళ్లను పోసి నిలిపిన ఆ కట్టడము వందలయేండ్లు ఎట్లు నిలిచినదో తెలిసికొని, ఆ పద్ధతినే అనుసరించి 1836లో కొల్లడమునదిపై ఆనకట్టలు కట్టించెను. మెత్తని యిసుకలో పునాది నిలుపు విధానమును ఈ దేశపు పూర్వికులవద్దనే నేర్చుకొంటినని ఆయన దాచక ఒప్పుకొనెను. ఏలుచున్నవాడు ఏలబడుచున్నవారి శిష్యుడనని చెప్పుకొనుట ఆ కాలమున సామాన్యమైన మాట కాదు. ధవళేశ్వరపు ఆనకట్టలో ఒక సగము పేరుతెలియని చోళశిల్పులదని మేము మా బాలునకు చెప్పితిమి.

గోదావరిమండలము నాడెట్లుండెనో నేటి పచ్చని పొలములను చూచినవారు ఊహింపజాలరు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వచ్చిన కఱవు తెలుగుదేశమును పాడుచేసెను. 1839లో తుపాను కోరంగిని ముంచివేసెను. ఏటేట గోదావరి పొంగి, పొలములమీద నుండి సముద్రములో కలియుచుండెను. వేసవిలో అదే పొలములు నెఱ్ఱెలు విచ్చుచుండెను. జనులు ఊళ్లు విడిచి పోవుచుండిరి, శిస్తు తగ్గిపోవుచుండెను. శిస్తు తగ్గుటచేతనే కంపెనీవారు మేలుకొనిరనుట సత్యమునకు దూరము కాదు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఆ మండలమును పరీక్షించి, దీనికి కాటనే తగినవాడని వ్రాసెను. కాటన్ తన నివేదికలలో కరుణను మాత్రమే నమ్ముకొనలేదు. ఇంత సొమ్ము పెట్టిన ఇంత ఆదాయము వచ్చునని లెక్కలు వేసి చూపెను. కంపెనీ డైరెక్టర్లకు ఏ భాష తెలియునో ఆ భాషలోనే మాట్లాడవలసివచ్చెను.

1847లో పని మొదలయ్యెను, 1852లో ముగిసెను. నదిలోని లంకల నడుమ ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, పండ్రెండడుగుల యెత్తున, రమారమి ఆఱు కిలోమీటర్ల వెడల్పుగల నదికి అడ్డముగా ఆనకట్ట లేచెను. ధవళేశ్వరపు కొండనుండి రాయి వచ్చెను. ఒకప్పుడు పదివేలమందిదాక కూలీలు పనిచేసిరి. దొర పేరు శిలపై చెక్కబడెను. రాయి మోసిన ఉప్పరుల పేళ్లు, వడ్డెరల పేళ్లు ఎచ్చటను లేవు. ఒక్క తెలుగుపేరు మాత్రము నిలిచినది. కూలీలను కూర్చుట మొదలు వారి యోగక్షేమముల విచారణవఱకు భారము వహించిన వీణెం వీరన్నగారిని ప్రభుత్వము రాయ్ బహదూర్ బిరుదముతో గౌరవించెను. మఱియు పనినడుమ కాటన్ అనారోగ్యముచే సెలవుపై దూరదేశమునకు పోవలసివచ్చినప్పుడు, కెప్టెన్ ఆర్ అను అధికారి ఆ బాధ్యత నిర్వహించెను. ఈయనయే తరువాత 1852 మొదలు 1855 వఱకు బెజవాడయొద్ద కృష్ణానది ఆనకట్టను కట్టించెను. గన్నవరముకడ నలువది తొమ్మిది కమానుల అక్విడక్టును హేగ్ అను యువకుడు నెలలలో ముగించెను. గొప్పపని ఎన్నడును ఒక్కని పని కాదు.

ఇక ఆయన మతనిష్ఠను గూర్చి. కాటన్ దొర పట్టుదలగల క్రైస్తవుడు. ఆదివారము ఆయనకు ఆరాధనదినము. బైబిలు ఆయనకు నిత్యపారాయణగ్రంథము. నరసాపురమున నుండిన బౌడెన్, బీర్ అను మిషనరీలు ధవళేశ్వరపు కూలీల నడుమ బోధచేయుటకు ఆయన సుముఖుడుగా నుండెను. ఆంగ్లేయపరిపాలన దైవసంకల్పమని ఆయన నమ్మెను. ఈ నమ్మకమును మనము అంగీకరింపము. అయినను ఆ నమ్మకమునుండి ఆయన లాగిన ఫలితార్థమును గమనింపవలెను. దైవము ఒక దేశమును మన చేతి కిచ్చినయెడల, ఆ దేశమున కఱవుచే ప్రజలు చచ్చుట మన పాపమగును, దానికి మనమే లెక్క చెప్పవలెను అని ఆయన వాదించెను. ఏలుటయే దైవానుగ్రహమని సంతసించి నిద్రించిన వారు పెక్కుమంది. ఆ మాటనే తమపై అభియోగముగా మార్చుకొన్నవారు కొందఱే. మతము మనుష్యునికి గర్వమిచ్చుచున్నదా, ఋణమిచ్చుచున్నదా అను ప్రశ్న మన యిండ్లలోని మతములకును వర్తించును.

గోదావరితీరమున స్నానసంకల్పమునందు దొర పేరు చేర్చి స్మరించు ఆచారమొకటి కలదని పెద్దలు చెప్పుదురు. తమ్ము మార్చగోరిన మతస్థుని, తాము మాఱకయే, తమ ప్రాతఃస్మరణలో నిలుపుకొన్న ఆ సంస్కారము మాకు మిక్కిలి హృద్యము. ఆయన దేవుని ఒప్పుకొనకయే ఆయనకు కృతజ్ఞత చూపవచ్చునని ఆ తీరవాసులు తెలిసికొనిరి.

గృహస్థుడుగా ఆయన చరిత్ర యిట్లున్నది. 1841లో ఆయన ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడెను. ఆరోగ్యమునకై పోయిన ఆస్ట్రేలియా, టాస్మానియా ప్రాంతములలో ఆ సంబంధము కుదిరెను. మఱుసటియేడు అచ్చటనే కుమార్తె ఎలిజబెత్ జన్మించెను. ధవళేశ్వరపు ఎండలలో, జ్వరముల నడుమ, ఆ యిల్లాలు భర్తతో ఉండెను. నివేదికలలో టన్నుల రాయికి లెక్క కలదు. ఆమె మేల్కొని గడపిన రాత్రులకు లెక్క లేదు. మన దేశపు కూలిస్త్రీల రాత్రులకును లేదు. చరిత్ర వ్రాయువారు ఈ రెండు లోపములను ఒక్కచోటనే గుర్తింపవలెను.

ఆ కుమార్తె తండ్రికి తగినదే. ఆంగ్లదేశమున డార్కింగు పట్టణమున, కల్లుపాకలకు మాఱుగా, శ్రామికులకై కాఫీశాల నెలకొల్పి మద్యపాననిషేధమునకు పాటుపడెను. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను వివాహమాడి లేడీ హోప్ అయ్యెను. కాని చదువరులకు ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈమెయే 1915లో, ప్రకృతిశాస్త్రజ్ఞుడగు డార్విన్ అంత్యకాలమున తన సిద్ధాంతమునకు చింతించి బైబిలును ఆశ్రయించెనని ఒక కథ ప్రకటించినది. డార్విన్ బిడ్డలు ఆ కథను ఖండించిరి. చరిత్రకారులు దానిని నమ్మరు. అట్టి రచయిత్రి తన తండ్రి భక్తిని గూర్చి వ్రాసిన మాటలను ఎంతవఱకు గ్రహింపవలెను? తేదీలను, ఉత్తరములను, నివేదికలను గ్రహింపవచ్చును. పుణ్యపురుషుని మఱింత పుణ్యాత్ముని చేయు వర్ణనలయెడ జాగరూకత వహింపవలెను. ప్రేమ సాక్ష్యము చెప్పునప్పుడు ప్రేమను గౌరవింపవలెను, సాక్ష్యమును పరీక్షింపవలెను. మన పెద్దల చరిత్రలను మన బిడ్డలకు చెప్పునప్పుడును ఇదియే నియమము.

ఆయన తప్పులును చెప్పవలెను. గోదావరిపై గెలిచినవాడు ప్రతి నదిపైనను గెలుతుననుకొనెను. ఆయన ప్రోత్సాహముతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రపై సుంకేసులయొద్దనుండి కర్నూలు-కడప కాలువను త్రవ్వెను. ఖర్చు అంచనాలను మీఱెను. నల్లరేగడి రైతులు ఆ నీటిని ఆశించినట్లు కోరలేదు. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనెను. డెల్టాలోని నేల వేఱు, పీఠభూమిలోని నేల వేఱు. రైతు నడుగక రైతుకు మేలుచేయబూనుట ఎంతటి మేధావికైనను ప్రమాదమే. మఱియు డెల్టాలోనే నీరు వచ్చినంతట భాగ్యము అందఱికిని సమముగా రాలేదు. భూమిగలవారు ధనికులైరి, కూలివారు చాలకాలము కూలివారుగానే యుండిరి.

తెలంగాణమునకు ఈయనతో సంబంధమేమి యని మా నగరమున అడుగువారు కలరు. సంబంధము కలదు, కాని అది సగములో నిలిచిన కథ. గోదావరిని ఎగువకు నౌకాయానయోగ్యముగా చేసి, లోపలి దేశపు పత్తిని, ధాన్యమును పడవలపై సముద్రమునకు చేర్పవలెనని ఆయన సంకల్పించెను. భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెమున అడ్డుకట్టయు, కాలువయు వెలసినవి. అచ్చట పనిచేసినది గన్నవరపు అక్విడక్టును కట్టిన హేగే. ఆయన ప్రేరణతోనే కోయల నడుమ మిషను మొదలయ్యెను. 1871లో ప్రభుత్వము ఆ నౌకామార్గపు పనిని విడిచెను. ఎగువకు పడవలు రాలేదు. దిగువకు మాత్రము నీరు పాఱెను. ఒకే నదియొడ్డున ఒక ప్రాంతము పండి, ఒక ప్రాంతము ఎండుట ఎన్ని తరములు మనసులలో మండునో మనము కన్నులార చూచితిమి. విగ్రహముమీద కోపము వచ్చినను, విగ్రహముమీద భక్తి వచ్చినను, దానికి వెనుకనున్న నీటిలెక్కను చూడక తీర్పు చెప్పరాదు.

1861లో సర్ బిరుదము పొంది, స్వదేశము చేరిన తరువాత ఆయన యూరకుండలేదు. నలువదియేండ్లకు దగ్గరగా సాగిన ఆ వార్ధక్యమంతయు ఒక వాదముతో నిండినది. రైలుమార్గములకు కోట్లు ధారవోయుచు, కాలువలకు కాసు విదల్చరేమని ఆయన ప్రశ్న. రైలు ధాన్యమును మోయును గాని పండింపదని, కాలువ పండించుటయు మోయుటయు చేయునని ఆయన యుక్తి. 1876-78 కఱవు దక్షిణదేశమును నశింపజేసినప్పుడు గోదావరిడెల్టా తాను నిలిచి, ఇతరులకును ధాన్యమిచ్చెను. 1878లో పార్లమెంటు కమిటీయెదుట ఆయన సాక్ష్యమిచ్చెను. కమిటీ ఆయన పెద్ద పథకమును అంగీకరింపలేదు. ఆంగ్లప్రభుత్వము త్రోసివేసిన ఈ వాదమునే పిమ్మట రమేశచంద్రదత్తు భారతదేశపు ఆర్థికచరిత్రలో ఆంగ్లప్రభుత్వముపై ప్రయోగించెను. సామ్రాజ్యభక్తుని లెక్కలు దేశభక్తునికి ఆయుధములయ్యెను. ఇంతలో ఆ వృద్ధుడు అరబ్బీ నేర్చి, 1876లో ఆ భాషకు వాచకమొకటి ప్రకటించెను. డార్కింగులోని తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పైరుపై ప్రయోగములు చేసెను. అచ్చటనే మరణించెను.

ఇందు మన సంస్కారోద్యమమునకును ఒక అనుబంధము కలదు. ధవళేశ్వరమున రాళ్లు పడుచున్న దినములలోనే, 1848 ఏప్రిల్ 16న, సమీపముననున్న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు జన్మించిరి. ఆ యూరనే 1881 డిసెంబరు 11న వారు ప్రథమ వితంతువివాహము జరిపించిరి. కాలువలే సంస్కారమును తెచ్చినవని మేము చెప్పము. అన్నము లేనిచోట బడి నిలువదని మాత్రము చెప్పుదుము. పంట మిగిలిన యూళ్లలో పాఠశాలలు, పత్రికలు, గ్రంథాలయములు నిలిచినవి. ఆ గాలి హైదరాబాదునకును వీచెను. ఆబిడ్సుకు అనతిదూరమున 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అట్టి కాలమునకు చిహ్నమే. నీరు పొలముదాక పోయి ఆగినది. అక్కడినుండి ముందుకు తీసికొనిపోవలసినవారు మనుష్యులు. వితంతువు కన్నీటికి ఆనకట్ట దొర కట్టలేదు; దానిని మనవారే కట్టవలసివచ్చెను.

ఈ సంగతులన్నియు చదివి ముగించిన పిదప, మా బాలునితోను, వాని నాయనమ్మతోను, నాంపల్లి స్టేషనునుండి గోదావరి ఎక్స్‌ప్రెస్సులో రాజమహేంద్రవరమునకు పోయితిమి. ఆ బండి 1974లో మొదలయినది. రైలును అంతగా నిరాకరించిన దొరను చూచుటకు రైలులోనే పోవుచుంటిమని చెప్పగా వాడు నవ్వెను. గోదావరిపై మొదటి రైలువంతెన 1900లో, ఆయన కన్నుమూసిన మఱుసటియేడే, తెఱవబడినదని చెప్పగా మఱింత నవ్వెను. ధవళేశ్వరమున పాత ఆనకట్టకు మాఱుగా ఇప్పుడు కొత్త బ్యారేజి కలదు. 1982లో పూర్తియైన ఆ కట్టడమునకును కాటన్ పేరే పెట్టిరి. సుమారు 10 లక్షల యెకరములు ఇప్పటికిని దాని నీటిపై ఆధారపడియున్నవి. మన ప్రభుత్వము, స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, స్వేచ్ఛగా పెట్టిన పేరది.

గట్టుమీద నిలిచి నాయనమ్మ చేతులు జోడించెను. బాలుడు జోడింపలేదు. క్రింది మెట్టుపై చెక్కిన రాళ్లను తడవి చూచి, "వీటిని మోసినవారి పేళ్లు ఎక్కడ నున్నవి తాతా?" అని యడిగెను. ఆమె కోపగించుకొనలేదు, "అవి వ్రాయలేదు నాయనా, నీవు పెద్దవాడవై వెదకి వ్రాయుము" అనెను. మేమిరువురిలో ఎవరిని దిద్దవలెనో మాకు తోచలేదు. చేతులు జోడించుట ఆమె ధర్మము, అడుగుట వాని ధర్మము. సైనికుడై వచ్చి, భక్తుడై భయపడి, గృహస్థుడై కష్టించి, తొంబదియాఱేండ్లు బ్రదికిన ఒక మనుష్యుని స్మరించుటకు రెండును కావలెను. మన యిండ్లలో రెండింటికిని చోటుండవలెనని మా మనవి.